కొలతకు నిలిచిన జీవితం: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పగానే తెలుగువారికి మందులే గుర్తుకు వస్తాయి. రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, సూక్ష్మజీవులపై ఆరియోమైసిన్, రక్తకేన్సరుపై తొలి ఆయుధమైన అమినోప్టెరిన్: ఈ నాలుగింటి వెనుకా ఆయన నడిపిన పరిశోధనాలయం ఉన్నది. అయితే శాస్త్రలోకం ఆయన పేరును మొట్టమొదట నేర్చుకున్నది ఏ మందు వలననూ కాదు. ఒక కొలత వలన. గాజునాళికలో తేలే నీలిరంగును చూచి ద్రవంలో భాస్వరం ఎంత ఉన్నదో చెప్పే ఆ పద్ధతి 1925లో వెలువడింది. ఆ తరువాత ఆయన సాధించిన ఘనకార్యాలలో పెద్ద భాగం ఆ కొలతను నమ్మడంలోనూ, నమ్మకూడని చోట సందేహించడంలోనూ పుట్టినదే. మందుల కథ పలుచోట్ల చెప్పబడింది కనుక ఇక్కడ కొలత కథకే చోటు ఎక్కువ.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి ఇల్లు, పెద్ద సంసారం. చదువుపై తొలినాళ్ళలో ఆయనకు మమకారం లేదు. పదమూడేళ్ళ ప్రాయంలో కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించవచ్చునని తలచి ఇల్లు విడిచి పారిపోయారు. దారిలోనే పట్టుబడి తిరిగి వచ్చారు. తల్లి వెంకమ్మ గారు మాత్రం పట్టు విడువలేదు. రాజమండ్రిలో చదువు సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పింది. మూడవ ప్రయత్నంలో మద్రాసు తిరువళ్ళిక్కేణిలోని హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. రెండుసార్లు తప్పిన ఆ కుర్రవాని మెదడును ఆ పరీక్ష ఏ మేరకు కొలిచినదో, పాఠశాల పుట తిరగవేస్తున్న తల్లిదండ్రులు ఆలోచించుకోదగిన సంగతి.

ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన తరువాత గణితం మీద ఇష్టం కలిగింది. దానితోపాటు వైరాగ్యమూ కలిగింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలన్న కోరిక బలపడగా, మఠంవారు వైద్యం నేర్చి ప్రజలకు సేవ చేయవలసినదిగా హితవు చెప్పారు. అట్లా ఆయన మద్రాసు వైద్య కళాశాలకు వచ్చారు. ఆ రోజులలోనే ఇంట పిడుగు పడింది. ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధికి బలి అయినారు. తిన్నది వంటబట్టక, విరేచనాలతో, రక్తం పలచబడి మనిషిని క్రుంగదీసే జబ్బు అది. అప్పటి వైద్యులకు దాని మూలం తెలియదు. పాతికేళ్ళ తరువాత ఆ జబ్బుకు పనిచేసిన మందు ఆయన చేతుల మీదుగానే రావడం విధి విలాసమే అనిపిస్తుంది.

1919లో శేషగిరి గారితో వివాహమైనది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు అల్లుని వైద్యవిద్యకు అండగా నిలిచారు. ఇంతలో గాంధీజీ పిలుపు వచ్చింది. విదేశీ వస్త్ర బహిష్కరణ వ్రతం పట్టిన సుబ్బారావు శస్త్రచికిత్స గదికి సైతం ఖద్దరు దుస్తులతోనే పోయేవారు. శస్త్రవైద్య ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది కిట్టలేదు. వ్రాతపరీక్షలలో సుబ్బారావు బాగుగానే వ్రాశారు. అయినా 1921లో చేతికి వచ్చినది ఎం.బి.బి.యస్. పట్టా కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. అందుచేత మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధిస్తూ కాలం గడిపారు. కొలిచేవాని మనసులోని మొగ్గు కొలతలోనికి ఎట్లా చేరుతుందో ఆయనకు ప్రయోగశాల నేర్పడానికి ముందే పరీక్షశాల నేర్పింది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతోనూ, మామగారి సాయంతోనూ ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకున్నారు. భార్యను మళ్ళీ చూడలేదు, స్వదేశానికి మళ్ళీ రాలేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాఖలో డిప్లొమా చదువుతూ, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ అతి చిన్న పనులు చేశారు. అక్కడ వైద్యం చేయుటకు ఆయన పట్టా చెల్లదు. రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనికి మాత్రం ఏ పట్టా అక్కరలేదు. డిప్లొమా ముగిసిన పిమ్మట ఆయన ఆటో ఫోలిన్ అధిపతిగా ఉన్న జీవరసాయన శాఖలో ప్రవేశించారు.

ఫోలిన్ గారి శాఖ అంటేనే కొలతల కర్మాగారం. రక్తంలో చక్కెర ఎంత, యూరియా ఎంత, క్రియాటినిన్ ఎంత అన్నది కొన్ని చుక్కల రక్తంతోనే, రంగును బట్టి చెప్పే మార్గాలను తీర్చిదిద్దినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆ శాఖలోని సైరస్ ఫిస్కే సుబ్బారావుకు అప్పగించిన పని భాస్వరం కొలత. పైకి చూస్తే చాలా చిన్న పని. అయితే దాని వెనుక పసిపిల్లల ప్రాణాలున్నాయి. ఆనాడు బోస్టన్ వంటి చలి నగరాలలో ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోయే రికెట్స్ వ్యాధి పేదపిల్లలను పట్టి పీడించేది. జాన్ హాప్కిన్స్ వైద్యశాలలో హౌలాండ్, క్రామర్ అనే ఇద్దరు వైద్యులు రక్తంలోని కాల్షియం అంకెను భాస్వరం అంకెతో గుణించి చూచారు. నూరు ఘనసెంటీమీటర్లకు మిల్లీగ్రాముల లెక్కన ఆ లబ్ధం 40 దాటితే రికెట్స్ లేనట్లు, 30కి తగ్గితే ఉన్నట్లు అని తేల్చారు. రెండింటికీ నడుమ ఎడం ఎంత స్వల్పమో గమనించాలి. కాల్షియం 10 ఉన్న బిడ్డకు భాస్వరం 3 అయితే రోగం, 4 అయితే ఆరోగ్యం. భాస్వరాన్ని ఒక మిల్లీగ్రాము ఎక్కువగా చూపే పద్ధతి రోగిష్టి బిడ్డను ఆరోగ్యవంతుడని ఇంటికి పంపుతుంది.

అప్పటికి వాడుకలో ఉన్నవి రెండు పద్ధతులు. 1920లో బెల్, డోయిజీలు ఒకటి వెలువరించారు. ఈ డోయిజీయే తరువాత 'కె' విటమినుకు నోబెల్ బహుమానం పొందినవాడు. 1922లో బ్రిగ్స్ దానిని సవరించాడు. మొదటి దానిలో రంగు నిలవదు. రెండవదానిలో నిలుస్తుంది కాని తీరికగా వస్తుంది, అరగంట వరకు కాచుకోవాలి. ద్రవంలో ఇతర లవణాలు ఉంటే రంగు మందగిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న మాట అవసరం. కొలతలో వచ్చే తప్పులు రెండు జాతులు. సంతలో తక్కెడ పట్టినవాని చేయి వణికితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ తూగుతుంది. పదిసార్లు తూచి సగటు తీస్తే ఆ తప్పు చాలావరకు చెదిరిపోతుంది. పాఠ్యపుస్తకాలు దీనిని యాదృచ్ఛిక దోషం అంటాయి. తక్కెడ తట్టలలో ఒకదాని అడుగున చింతపండు అంటించి ఉంటే సంగతి వేరు. చేయి ఎంత స్థిరంగా ఉన్నా, వందసార్లు తూచినా ఒకే అంకె వస్తుంది, వందసార్లూ అది తప్పే. దీనికి క్రమదోషం అని పేరు. అంకెలు ఒకదానితో ఒకటి కలిస్తే ఖచ్చితత్వం. నిజంతో కలిస్తే యథార్థత. మొదటిది చూచి రెండవది ఉన్నదని మురిసిపోవడం ప్రయోగశాలలలో అతి సాధారణమైన పొరపాటు. చింతపండు ఉన్నదో లేదో తెలియాలంటే సరకును, తూకపురాళ్ళను తట్టలు మార్చి చూడాలి, లేదా వేరొక తక్కెడలో తూచాలి. అదే తక్కెడను మళ్ళీ మళ్ళీ అడిగి ప్రయోజనం లేదు.

ఫిస్కే, సుబ్బారావుల పద్ధతిలో పని ఇట్లా జరుగుతుంది. మాంసకృత్తులను తొలగించిన ద్రవానికి గంధకామ్లంతో కూడిన మాలిబ్డేటును చేర్చుతారు. ద్రవంలో ఉన్న ఫాస్ఫేటు దానితో కలిసి ఫాస్ఫోమాలిబ్డేటుగా మారుతుంది. దీనిని క్షయకరణం చేస్తే గాఢమైన నీలిరంగు వస్తుంది. చిక్కంతా ఆ క్షయకారిణి ఎన్నికలో ఉన్నది. బలహీనమైనదైతే రంగు ఆలస్యం. మరీ బలమైనదైతే ఫాస్ఫేటు లేకున్నా మాలిబ్డేటే నీలివర్ణం దాలుస్తుంది. వీరు ఎన్నుకున్నది అమైనో నాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే పదార్థం. దానిని సల్ఫైటు, బైసల్ఫైటులతో కలిపి వాడారు. దానితో అయిదు నిమిషాలలో కొలవదగిన రంగు వచ్చింది. ఇతర లవణాల బెడద బాగా తగ్గింది.

రంగును కొలిచేది ఆనాడు మనిషి కన్నే. వర్ణమాపకం అనే పనిముట్టులో రెండు గాజుపాత్రలుంటాయి. ఒకదానిలో ఫాస్ఫేటు ఎంత ఉన్నదో ముందే తెలిసిన ద్రవం, రెండవదానిలో రోగి రక్తం నుండి తీసినది. రెండింటి గుండా వచ్చిన వెలుతురు ఒకే గుండ్రని గూటిలో చెరిసగంగా కనబడుతుంది. రెండు అర్ధభాగాలూ ఒకే నీలిగా కనబడే దాకా ద్రవపు లోతును మార్చి, ఆ లోతుల నిష్పత్తి నుండి లెక్క కట్టాలి. అనగా ఈ కొలత అంతా ఒక నమ్మకంపై ఆధారపడినది: తెలిసిన ద్రవంలో రంగు ఏ వేగంతో వస్తుందో తెలియని ద్రవంలోనూ అదే వేగంతో వస్తుందని. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తరువాతి కథ సుబోధకమవుతుంది.

ఇటువంటి పద్ధతిలో క్రమదోషాన్ని పట్టడానికి దారులు కొన్ని ఉన్నాయి. కొలిచిన ద్రవానికే తెలిసినంత ఫాస్ఫేటు చేర్చి మళ్ళీ కొలిస్తే, చేర్చినదంతా అంకెలో తిరిగి కనబడాలి. ద్రవాన్ని సగానికి పలచన చేస్తే అంకె సగం కావాలి. ఫాస్ఫేటు బొత్తిగా లేని ద్రవం రంగు చూపరాదు. వేరు సూత్రంపై నడిచే మరొక పద్ధతితో పోల్చి చూడాలి. వీటన్నిటికీ ముందు నమూనా తీసిన తీరును అనుమానించాలి. రక్తాన్ని కణాల నుండి వేరుచేయక చాలాసేపు నిలవ ఉంచితే, ఎర్రకణాలలోని భాస్వర సమ్మేళనాలు విడిపోయి ఫాస్ఫేటు పెరుగుతుంది. అప్పుడు రసాయనం సక్రమంగానే పనిచేస్తుంది, అంకె మాత్రం రోగిది కాదు, సీసాలో నిలవ ఉన్న రక్తానిది.

ధర్మపురి ప్రాంతంలో బిడ్డలను పెంచే కుటుంబాలకు ఈ సంగతి దూరపు విషయం కాదు. ఆదియమాన్‌కోట్టై చుట్టుపట్ల లోతుబావుల నీటిని తరతరాలుగా త్రాగినవారికి ఫ్లోరైడు అంటే ఏమిటో పళ్ళ మీద గోధుమరంగు మచ్చలే చెబుతాయి. హోగెనక్కల్ కావేరి నీటిని ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు తెచ్చే పథకం 2013లో ప్రారంభమైనదీ ఆ బాధ పోగొట్టడానికే. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చునని, వేరు నీరు దొరకనప్పుడు ఒకటిన్నర వరకు సహించవచ్చునని భారతీయ ప్రమాణం. ఆ ఫ్లోరైడును కొలిచే ప్రసిద్ధ పద్ధతి కూడా రంగుదే. నీటిలో అల్యూమినియం ఉంటే ఆ పద్ధతి ఫ్లోరైడును తక్కువగా చూపుతుంది. ఫాస్ఫేటు ఉంటే ఎక్కువగా చూపుతుంది. అందుకే జాగ్రత్త గలవారు నీటిని ముందు స్వేదనం చేసి, అడ్డుపదార్థాలను తొలగించి, ఆ తరువాత రంగు చూస్తారు. పటిక వేసి శుద్ధిచేసిన నీటిని అట్లా చేయకుండా పరీక్షించి, అంకె ప్రమాణం లోపలనే ఉన్నదని ఊరిని నిశ్చింతగా ఉండమనడం ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

సుబ్బారావు కథకు మరలుదాం. క్రొత్త పద్ధతి రక్తంపై, మూత్రంపై చక్కగా నడిచింది. కండరం నుండి తీసిన ద్రవంపై ప్రయోగించినప్పుడు మాత్రం వింత జరిగింది. ప్రక్కన ఉన్న తెలిసిన ద్రవంతో రంగు అడుగు కలపలేదు. మొదట లేతగా ఉండి, నిమిషాలు గడిచిన కొద్దీ ముదురుతూ పోయింది. త్వరపడి కొలిస్తే ఒక అంకె, ఆలస్యంగా కొలిస్తే దానికంటె చాలా పెద్ద అంకె. అయిదు నిమిషాలలో రంగు తేవడమే ఆ పద్ధతికి పేరు తెచ్చిన గుణం. ఇప్పుడు ఆ గుణమే భంగపడినట్లు కనబడింది.

ఇటువంటి ఘట్టంలో చాలామంది చేసే పని ఒకటున్నది. రంగు స్థిరపడే దాకా అరగంట ఆగి, చివరి అంకెను పుస్తకంలో వ్రాసుకోవడం. అంకెలు ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి. పూర్వపు పద్ధతులలో జరిగినది దాదాపు ఇదే. వాటిలో రంగు సహజంగానే ఆలస్యం కనుక, ఈ ఆలస్యం వేరుగా కంటబడే అవకాశమే లేదు. కండరంలో ఖనిజ ఫాస్ఫేటు సమృద్ధిగా ఉన్నదని అందరూ ఏకాభిప్రాయంతో వ్రాసుకున్నారు. తట్ట క్రింది చింతపండు అందరి తక్కెడలకూ ఉండడం వలన వచ్చిన ఏకాభిప్రాయం అది.

ఫిస్కే, సుబ్బారావులు ఆగి ఆలోచించారు. ఆలస్యానికి కారణాలు రెండు కావచ్చు. కండరద్రవంలో రంగును అడ్డగించే పదార్థమేదో ఉండవచ్చు. అట్లాగైతే వేరుగా చేర్చిన ఫాస్ఫేటు రంగు కూడా అడ్డగింపబడవలెను. లేదా మొదట అక్కడ అంత ఫాస్ఫేటు లేనే లేకపోవచ్చు. ఏదో ఒక పెళుసైన భాస్వర సమ్మేళనం పరీక్షకై పోసిన ఆమ్లంలో, మాలిబ్డేటు ప్రేరణ చేత నిమిషనిమిషానికీ విరిగి, అప్పటికప్పుడు ఫాస్ఫేటును విడుదల చేస్తూ ఉండవచ్చు. నిజమైనది ఈ రెండవదే. ఆ పెళుసు పదార్థాన్ని వేరుచేసి చూడగా అందులో భాస్వరానికి జతగా సమపాళ్ళలో క్రియాటిన్ కనబడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరాన్ని ప్రేరేపించి పని చేయిస్తే అది తరిగిపోతుంది, విశ్రాంతినిస్తే మళ్ళీ సమకూరుతుంది. ఈ సంగతిని వారు 1927లో లోకానికి చాటారు. అదే సంవత్సరం లండనులో ఎగుల్టన్ దంపతులు కూడా కప్ప కండరంలో అటువంటి పదార్థాన్నే కనుగొని దానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. దాని సంపూర్ణ స్వరూపాన్ని వివరించిన వ్యాసాన్ని ఫిస్కే, సుబ్బారావులు 1929లో వెలువరించారు.

అప్పటి దాకా కండరపు శక్తికి మూలం లాక్టిక్ ఆమ్లమని పండితుల నిశ్చయం. ఆ కృషికే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ ఆ నిశ్చయాన్ని కదిలించింది. 1930లో లుండ్స్‌గార్డ్ అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేసినా కండరం ముడుచుకుంటుందని చూపడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది. ఈలోగా 1929లోనే ఫిస్కే, సుబ్బారావులు కండరం నుండి ఏ.టి.పి. అనే మరొక భాస్వర పదార్థాన్ని వెలికి తీశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది కొద్ది వారాల ముందుగా దానిని ప్రకటించాడు. చీమ నుండి ఏనుగు దాకా ప్రతి ప్రాణికణమూ శక్తిని ఖర్చుపెట్టే నాణెం ఏ.టి.పి.యే అని నేడు ఉన్నత పాఠశాల విద్యార్థికి సైతం తెలుసు. ఆ నాణెపు తొలి చప్పుడు విన్న చెవులలో ఒక జత భీమవరపు చెవులన్న సంగతే తక్కువమందికి తెలుసు.

1930లో సుబ్బారావుకు హార్వర్డ్ డాక్టరేటు లభించింది. శాశ్వత ఆచార్యపదవి మాత్రం దక్కలేదు. కారణాలు అనేకం చెబుతారు. తనను తాను చాటుకోవడం చేతగాని స్వభావం ఒకటి. ఉమ్మడి కృషిలో ముఖ్య కీర్తి ఫిస్కేకు చెందేలా ఆయనే వెనుకకు తగ్గడం మరొకటి. అదే శాఖలో చదివి, 1988లో నోబెల్ బహుమానం పొందిన జార్జి హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన న్యూక్లియోటైడులు కొన్ని ఫిస్కే వాటిని వెలుగుచూడనీయకపోవడం వలన తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని చెప్పినట్లు ప్రసిద్ధి.

1940లో ఆయన హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనాలయంలో చేరి, కొద్దికాలంలోనే పరిశోధనలకు అధిపతి అయినారు. చదువరులకు ఇక్కడి నుండి కథ తెలిసినదే. అయినా ఫోలిక్ ఆమ్లం విషయంలో కొలతల పాత్రను వదలిపోరాదు, అది మళ్ళీ కండరద్రవం కథవంటిదే.

1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని నిరుపేద గర్భిణులలో ఒక రకపు రక్తహీనతను చూచి, అది ఈస్టు సారంతో నయమవుతుందని కనుగొన్నది. ఆ సారంలో ఏమున్నదో వెదకసాగిన పలువురు పరిశోధకులు తలా ఒక తక్కెడ పట్టారు. ఒకరు కోతులపై, ఒకరు కోడిపిల్లలపై, మరొకరు బాక్టీరియాలపై పరీక్షించారు. తక్కెడలు వేరు కావడంతో ఒకే పదార్థానికి ఒకచోట విటమిన్ ఎం అని, మరొకచోట విటమిన్ బి.సి. అని, పాలకూర నుండి తీసినవారి చేత ఫోలిక్ ఆమ్లమని అనేక నామధేయాలు వచ్చాయి. లెడర్లీలో సుబ్బారావు బృందం బాక్టీరియా తక్కెడలు రెండు వాడింది. పాలను పులియబెట్టే జాతిలో ఒకదానిని, మరొక గోళాకార జాతిని. పరీక్షించవలసిన సారాన్ని చేర్చితే ఆ జీవులు ఎంతగా పెరుగుతాయో అంతగా అందులో ఫోలిక్ ఆమ్లం ఉన్నట్లు. కాలేయం నుండి తీసిన పదార్థానికి రెండూ సాక్ష్యం ఇచ్చాయి. పులియబెట్టిన ద్రవం నుండి తీసిన దానికి మొదటి జీవి దండిగా పెరిగింది, రెండవది అంతంత మాత్రం. రెండు తక్కెడలు చెప్పిన మాట పొసగలేదు.

ఒకదానిని తప్పని కొట్టివేయడం సులువైన పని. ఆ బృందం ఆ పని చేయలేదు. రెండు పదార్థాలూ వేరని, రెండవదానిలో గ్లుటామిక్ ఆమ్లపు ముక్కలు మూడు ఉన్నాయని తేల్చారు. మొదటి జీవి రెండింటినీ వాడుకోగలదు, రెండవ జీవికి ఆ పొడుగు తోక అడ్డు. ఈ అవగాహనతో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగారు. ఆ మందు స్ప్రూ రోగులకు ప్రాణం పోసింది. ఎనిమిది రోజులలో ఇద్దరిని పోగొట్టుకున్న ఇంటి బిడ్డ ఆ వార్త విన్నప్పుడు ఏమనుకున్నారో ఆయన ఎక్కడా చెప్పుకోలేదు.

ఫోలిక్ ఆమ్లాన్ని ఎట్లా తయారుచేయాలో తెలిసిన తరువాత దానిని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థాలను చేయడం సాధ్యమైంది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలను ప్రకటించాడు. పదహారుగురిలో పదిమందికి తాత్కాలికంగా వ్యాధి తగ్గింది. ఆ రోగంలో అంతవరకు అటువంటి మాట విన్నవారు లేరు. నేటికీ వాడుకలో ఉన్న మెథోట్రెక్సేట్ ఆ కుటుంబానిదే. 1947లో బోదకాలు పురుగుపై పనిచేసే హెట్రజాన్ బయటపడింది. గోదావరి డెల్టాలోనూ, తమిళనాట తీరప్రాంతాలలోనూ ఆ మందు బిళ్ళలు ఇంటింటికీ పంచబడినప్పుడు వాటిని మింగినవారిలో ఎందరికి సుబ్బారావు పేరు తెలుసునో చెప్పడం కష్టం. 1948లో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ ప్రకటింపబడింది. అదే సంవత్సరం ఆగస్టు 8వ తేదీ రాత్రి సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయస్సు 53. స్వతంత్ర భారతాన్ని ఆయన కన్నులారా చూడలేదు.

ఆయన పేరును శాస్త్రజ్ఞులు ఒక బూజు జాతికి పెట్టారు, సుబ్బరోమైసిస్ అని. భారత తపాలాశాఖ శతజయంతి సంవత్సరమైన 1995లో ఆయన చిత్రంతో బిళ్ళను విడుదల చేసింది. 1925 నాటి భాస్వర పద్ధతి వ్యాసం జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరింపబడిన వ్యాసాలలో ఒకటిగా నిలిచింది. ఈనాడు పెద్ద ఆసుపత్రులలోని యంత్రాలు రంగు వచ్చే దాకా కూడా ఆగవు. ఫాస్ఫోమాలిబ్డేటు ఏర్పడగానే కంటికి కనబడని అతినీల కిరణాలతో దానిని కొలుస్తాయి. కళాశాల ప్రయోగశాలలలో మాత్రం ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఇంకా నేర్పబడుతున్నది. అమైనో నాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం పోసి, గడియారం చూచి, అయిదు నిమిషాలకు నీలిరంగు కొలిచే విద్యార్థులు ప్రతి ఏడాదీ వస్తూనే ఉన్నారు.